అందుకునేవాడు

గాజు గదిలో మైకు ముందు ఆయన ఎప్పటిలాగే కాస్త ఎడంగా నిలబడ్డాడు. హెడ్‌ఫోన్‌ను ఒక చెవికి ఆనించి, రెండో చెవిని బయటికి వదిలేశాడు.

"అన్నా, మధ్యకి రా. నీ పక్కన ఇంకో మనిషి పట్టేంత చోటుంది," అన్నాడు సౌండ్ ఇంజనీరు మీట నొక్కి. "ఆ రెండో చెవి కూడా మూసుకో. బీటు బయటికి కారిపోతోంది, మైకు తాగేస్తోంది."

"నీకున్న రెండూ చాలక నా చెవి కూడా కావాలా చెవులోడా?"

ఇంజనీరు నవ్వాడు. అతనికి ఆ పేరు పెట్టింది ఆయనే. రోజంతా పెద్ద పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునే మనిషికి అంతకంటే తగిన పేరు లేదని స్టూడియోలో అందరూ ఒప్పుకున్నారు.

ఆయన అర అడుగు మధ్యకి జరిగాడు. బీటు మొదలవగానే మళ్ళీ పక్కకే జరిగాడు. ఇంజనీరు తల అడ్డంగా ఊపి పెన్ను అందుకున్నాడు.

వెనక సోఫాలో ఆయన భార్య వేడినీళ్ళ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన గొంతు కోసం నీళ్ళు తెస్తున్నానని అందరితో చెప్పింది. నీళ్ళు స్టూడియోలోనూ దొరుకుతాయి. ఆ మధ్య ఆయన ఇంటి దగ్గరి స్టాపులో బస్సు దిగి, ఎటు వెళ్ళాలో తోచక షెల్టరులోనే కూర్చుండిపోతే పళ్ళబండి అతను ఫోన్ చేశాడు. ఆనాటి నుంచి ఆమె వెంట వస్తోంది. ఆ సంగతి ఇద్దరూ ఎవరితోనూ అనలేదు. ఒకరితో ఒకరు కూడా అనుకోలేదు.

ఇది ఆయన ఒక్కడే చేస్తున్న మొదటి ఆల్బమ్. ఇన్నేళ్ళ ర్యాప్ పాటల్లో ఆయన ఏనాడూ ఒంటరిగా మైకు ముందు నిలబడలేదు. గంట, బక్కోడు అని రెండు పేర్లూ పోస్టర్ల మీద పక్కపక్కనే ఉండేవి. ఖంగుమనే గొంతు కాబట్టి ఈయన గంట. ఒంటి మీద కండ లేదు కాబట్టి రెండోవాడు బక్కోడు. బక్కోడు పోయిన మరుసటేడు కంపెనీవాళ్ళు వచ్చి అడిగారు. పేరు కూడా వాళ్ళే పెట్టారు, 'ఒంటి గొంతు' అని. అన్ని పాటలూ అయిపోయి చివరిదొకటి మిగిలింది. వారం చివర్లో అప్పజెప్పాలి. ఆయన ఏదీ కాయితం మీద పెట్టడు. బక్కోడూ పెట్టేవాడు కాదు. నోట్లో నానితేనే మాట మెత్తబడుతుందని ఇద్దరి పట్టుదల.

"ఇవాళ వచ్చేసిందిలే," అన్నాడాయన మైకులో. "రికార్డింగ్ పెట్టుకో."

బీటు నాలుగు సార్లు తిరిగింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

*ఊరి చొక్కాల ముడతలు తీశావ్, నీ నుదుటి ముడత తీసేదెవరు?*
*పెట్టె నిండుగా నిప్పులు పోశావ్, నీ పొయ్యిన నిప్పు వేసేదెవరు?*

ఇంజనీరు చేతిలోని పెన్ను ఆగిపోయింది. కుర్చీలో ముందుకి వంగాడు.

*తెల్ల చొక్కాలో దొరలా నడిచాడు, తెలుపు తెచ్చినవి నీ చేతులు*
*తలుపు బయటే నిన్ను నిలిపాడు, గుమ్మం దాటినవి మూటలు*

ఆమె ఒళ్ళోంచి ఫ్లాస్కు జారింది. మోకాళ్ళతో పట్టుకుంది.

అమ్మను తలుచుకుంటూ పాట సాగుతూనే ఉంది. ఆమె మాటలు వినడం మానేసి గొంతు వింది. పాదం మొదలు సన్నగా, ఎవరో నిద్రపోతున్న గదిలో నడిచినట్టు పలుకుతున్నాడు. చివరి మాట వచ్చేసరికి గంట మోగుతోంది. 'ఎవరు'. 'ఎవరు'. 'చేతులు'. 'మూటలు'.

వాళ్ళిద్దరి పద్ధతి ఆమెకి తెలుసు. ఎవరి పాట వాళ్ళు కట్టుకునేవాళ్ళు. ఒకడు పాడుతుంటే రెండోవాడు పక్కనే నిలబడి ప్రతి పాదంలో చివరి మాటని అందుకునేవాడు. పాడేవాడు సరిగ్గా అక్కడే ఊపిరి తీసుకునేవాడు. అందుకే ఈ ఆల్బమ్‌లో మిగతా పాటలన్నిటిలో ఆయన మొదలు గట్టిగా పట్టి చివర వదిలేస్తున్నాడు. ఆ చివర్లు అతికించలేక ఇంజనీరు నెల రోజులుగా తల పట్టుకున్నాడు. ఈ ఒక్క పాట మాత్రం తలకిందులుగా ఉంది. ఇందులో ఆయన నోటికి బాగా అలవాటైనవి చివరి మాటలే.

ఈ పాట ఆయనది కాదు. బక్కోడిది. పెళ్ళయిన కొత్తలో బక్కోడి గదికి వెళ్ళే ఇనప మెట్ల మీద కూర్చుని ఇద్దరూ దీన్ని పాడటం ఆమె ఒకే ఒక్కసారి వింది. ఆ తర్వాత బక్కోడు దాన్ని ఎక్కడా పాడలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

బీటు ఆగింది. ఇంజనీరు మీట నొక్కడం మర్చిపోయి గాజులోంచే చప్పట్లు కొట్టాడు. తర్వాత లేచి తలుపు తీశాడు.

"ఏంటన్నా ఇది! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావ్? మెల్లగా మొదలెట్టి చివర్లో కొడుతున్నావ్ చూడు, ఎవరూ ఇలా పాడరు. ఆల్బమ్‌కి ఇదే ప్రాణం. మీ అమ్మగారు ఇస్త్రీ చేసేవారని ఎప్పుడూ చెప్పలేదే?"

ఆయన చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"చేసేది," అన్నాడు. "పొద్దున్నే బొగ్గులు ఊదేది. మోచేతుల దాకా బూడిద."

ఆయన తల్లి ఆసుపత్రిలో ఆయా. చనిపోయేదాకా ఆవిడ దగ్గర ఫినాయిలు వాసనే వచ్చేది. ఇస్త్రీ పెట్టె ఆ ఇంట్లో లేదు.

"వదినా, చెప్పండి, ఎలా ఉంది?" అన్నాడు ఇంజనీరు.

ఆమె ఫ్లాస్కు మూత తిప్పింది. "నీళ్ళు చల్లారిపోతాయి," అంది.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని ముందు సీటు కడ్డీ మీద వేళ్ళతో తాళం వేస్తూనే ఉన్నాడు. ముందు సీటులోని పెద్దావిడ ఓసారి వెనక్కి తిరిగి చూసింది.

"మీకు నచ్చలేదనుకుంటానమ్మా, పక్కనావిడకీ నచ్చలేదు," అన్నాడు ఆవిడతో. ఆవిడ నవ్వి ముందుకి తిరిగింది.

"నచ్చలేదని ఎవరన్నారు?" అంది ఆమె.

"మరి మొహం అలా పెట్టావేం? పాలు విరిగినట్టు."

"ఎప్పుడు కట్టారండీ అది?"

"కట్టడమేంటే, దానంతటదే వచ్చింది. పొద్దున స్నానం చేస్తుంటే, ఎవరో తలుపు తట్టి లోపలికొచ్చినట్టు. ఇంత తేలిగ్గా నాకెప్పుడూ రాలేదు. నేను అయిపోయాననుకున్నాను, తెలుసా? నీకు చెప్పలేదు గానీ, ఈ మధ్య ఒక పాదం అల్లేసరికి ముందు పాదం పోతోంది. బొక్కెనకి చిల్లు పడ్డట్టు." ఆయన నవ్వాడు. "పర్లేదు. ఇంకా ఉంది."

ఆమె పైట కొంగు సర్దుకుంది.

"అత్తయ్యగారు ఆసుపత్రిలో కదా చేసేవారు," అంది మెల్లగా.

"అవును, ఆసుపత్రిలోనే. అయితే?"

"ఇస్త్రీ అంటేనూ..."

ఆయన వేళ్ళు కడ్డీ మీద ఆగాయి. జేబులో తాళంచెవి కోసం వెతుక్కునేవాడిలా కనుబొమలు ముడిపడ్డాయి. ఆ ముడి చూసి ఆమెకి భయం వేసింది.

"సాయంత్రాలు చేసేదేమో," అన్నాడు.

"అయ్యుంటుంది లెండి," అంది ఆమె. "మన స్టాపు వస్తోంది. లేవండి."

మర్నాడు స్టూడియో పని లేదు. తెల్లవారగానే ఆమె స్నానం చేసి దేవుడి ముందు నిలబడింది. రోజూ చెప్పుకునే నాలుగు మాటలు చెప్పుకుంది. తర్వాత చేతులు జోడించే ఉంచి ఇంకో మాట అంది.

'తీసుకునేవాడివి ఒక వరసలో తీసుకోకూడదా తండ్రీ? ఈయనవి ఈయనకి లేకుండా చేసి, పోయినవాడిది తెచ్చి ఈయన నోట్లో పెట్టడమేమిటి? ఇది నీ దయ అనుకోనా, పరీక్ష అనుకోనా?'

అడిగినందుకు లెంపలేసుకుంది గానీ, ప్రశ్న వెనక్కి తీసుకోలేదు.

ఇంకొకడి పాటలో పాదం ఎత్తుకొచ్చినవాడిని ఈయన పక్కన నిలబడనిచ్చేవాడు కాదు. ఒక కుర్రవాడు వేదిక మీద బక్కోడి మాటలు నాలుగు కలిపి పాడాడని, జరుగుతున్న కార్యక్రమం మధ్యలో దిగి వచ్చేసిన మనిషి. ఇప్పుడు ఈ పాట బయటికి వెళితే ఆయన దొంగే కదా? తెలియకుండా చేసింది దొంగతనం కాదని ఆమె మనసుకి తెలుసు. మరి తెలిసిన తను ఊరుకుంటే?

కింది వాటాలో ఉండే ఆవిడతో, "మా ఆయన ఒక్కరే ఉన్నారు, కాస్త చూస్తుండండి," అని చెప్పి బయల్దేరింది.

బక్కోడి గది కింద వాళ్ళ ఇస్త్రీ దుకాణం ఇంకా అక్కడే ఉంది. బొగ్గుల పెట్టె పోయి కరెంటు పెట్టె వచ్చింది. ఒక పనివాడు గోడ వైపు తిరిగి దుప్పట్లు రుద్దుతున్నాడు. గుమ్మం పక్కన ఎత్తు పీట మీద బక్కోడి తల్లి కూర్చుని, రుద్దిన చొక్కాలు ఒక్కొక్కటిగా మడత పెడుతోంది. చొక్కాని బోర్లా పరిచి, మధ్యలో అట్టముక్క పెట్టి, రెండు పక్కలూ లోపలికి తెచ్చి, అట్టముక్క చటుక్కున లాగేస్తోంది. వేళ్ళ కణుపులు ఉబ్బి వంకర తిరిగాయి గానీ మడత మాత్రం గీత గీసినట్టు వస్తోంది.

"ఎవరూ? గంటగాడి పెళ్ళామా?" అంది తల ఎత్తి. "దారి తప్పావా కోడలా? నీ మొగుడు ఒక్కడే పోస్టరెక్కాడటగా. మా ఎదురుగోడకే అంటించారు. పొద్దున లేచి వాడి మొహం చూస్తున్నా, ఏ పనీ అవ్వట్లేదు."

"మీరు దీవిస్తేనే అయ్యేది అత్తయ్యా," అంది ఆమె, పీట పక్కన కూర్చుంటూ.

"నా దీవెనెందుకు వాడికి? ఒకడు అంటే ఇంకొకడు వంత. రోజంతా ఆ మెట్ల మీద ఇదే గోల. నా చెవులు ఆనాడే పోయాయి. ఏం తాగుతావు?"

"ఏం వద్దు. మీకొకటి వినిపించాలి."

ఇంజనీరు ఆనందం పట్టలేక నిన్న సాయంత్రమే పాటని ఆమె ఫోనుకి పంపాడు. ఆమె ఫోను ముసలామె చెవి దగ్గర పట్టుకుంది.

ముసలామె మొదట చొక్కా మడుస్తూనే వింది. "మొదలు అంత సన్నగా అంటాడేం? జ్వరమా?" అంది. తర్వాత చేతులు ఆగాయి. అట్టముక్క చొక్కాలోనే ఉండిపోయింది. 'నీ చేతులు' అన్నప్పుడు ఆమె తన రెండు చేతుల్నీ మెల్లగా ఆ చొక్కా కిందికి పోనిచ్చింది. పాట అయిపోయాక కూడా వాటిని పైకి తీయలేదు.

"ఇది మావాడిది," అంది.

"అవునత్తయ్యా."

"వీడెందుకు పాడాడు?"

ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "ఆయనకి తెలియట్లేదు," అంది. "తనదే అనుకుంటున్నారు. ఆయనకి... అన్నీ పోతున్నాయత్తయ్యా. దారి పోతోంది. మనుషుల పేర్లు పోతున్నాయి. మొన్న నన్ను పిలవడానికి పేరు దొరక్క, చాలాసేపు గుమ్మంలో నిలబడి నా వైపు చూసి నవ్వారు." ఆ మాట పైకి అనడం ఆమెకి అదే మొదలు. అన్నాక, అది నిజమైపోయినట్టు అనిపించింది.

పనివాడి ఇస్త్రీ పెట్టె తడిగుడ్డ మీద సుయ్యిమంది.

"వాడు ఈ పాట కట్టిన రోజు నేను కిందే ఉన్నా," అంది చివరికి. "విని పైకెళ్ళాను. ఇంకెప్పుడూ ఇది పాడొద్దని ఒట్టేయించుకున్నా. నా చేతులు నల్లగా ఉన్నాయంటే నాకేం సిగ్గులేదమ్మాయ్. చేసిన పని నలుపు అంటుకోదా? కానీ ఆ ఇళ్ళవాళ్ళు నన్ను తలుపు బయట నిలబెట్టి మూట మాత్రం లోపలికి లాక్కునేవాళ్ళే, అది వాడు చూడలేదనుకున్నా. మూటలు మోసుకుని వెనకాల వచ్చేవాడు, ఆడుకుంటున్నాడులే అనుకునేదాన్ని. చూశాడని ఆ పాటతో తెలిసింది. కన్నబిడ్డ చూశాడే అని... ఆ సిగ్గు నాది. దాన్ని ఊళ్ళో వాళ్ళందరూ తాళం వేసుకుంటూ వినాలా?"

"వద్దత్తయ్యా."

"వాడు మాటిచ్చాడు. చచ్చేదాకా నిలబెట్టుకున్నాడు. బతికున్నవాడైతే మనసు మార్చుకున్నాడనుకోవచ్చు. పోయినవాడు ఎలా మార్చుకుంటాడు?" ముసలామె కళ్ళు తుడుచుకోలేదు. చొక్కా కిందినుంచి చేతులు తీసి అట్టముక్క లాగింది. మడత చెదిరింది. మళ్ళీ పరిచింది. "గంటగాడి మీద నాకు కోపం లేదు. నా చేతి అన్నం తిన్నవాడు. వాడికొచ్చిన కష్టం పగవాడికి కూడా వద్దు. అయినా ఆ పాట తీసేయించు."

"తీసేయిస్తా."

"నువ్వు చెబితే వింటాడా?"

"వింటారు," అంది ఆమె. "విన్నాక ఏమవుతారో తెలియదు."

ఆ మర్నాడు పొద్దున ఆయన స్టూడియోకి వెళ్ళడానికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఆ పని ఎవరినీ చేయనివ్వడు. కాలరుని తిరగేసి, రెండు కొసల నుంచి మధ్యకి రుద్దాడు. అలా చేయకపోతే కొసల దగ్గర ముడత పడుతుందని బక్కోడు నేర్పాడు. ఆ నేర్పు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆమె గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది. మెట్ల సంగతి, ఒట్టు సంగతి, నిన్న దుకాణానికి వెళ్ళిన సంగతి, అన్నీ చెప్పింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. పిల్లలకి మందు పట్టేటప్పుడు అలా ఆగకుండా పట్టెయ్యాలని ఆమెకి తెలుసు.

ఆయన ఇస్త్రీ పెట్టె ఆపలేదు. చొక్కా ఎడమ చెయ్యి రుద్దాడు. తిప్పి అదే చెయ్యి మళ్ళీ రుద్దాడు. మూడోసారి కూడా అదే చెయ్యి రుద్దబోయి, పెట్టెని నిలబెట్టి, స్విచ్చి ఆపి, వైరు మెలి పడకుండా చుట్టాడు.

"ఇనప మెట్లు," అన్నాడు. "పైనుంచి మూడో మెట్టు వదులుగా ఉండేది. వాడు దానిమీద కాలితో బీటు కొట్టేవాడు."

"అవునండీ."

"నువ్వు పచ్చచీర కట్టుకుని కింద నిలబడ్డావు. వాడి అమ్మ చేతిలో నీళ్ళ చెంబుంది."

అంతా గుర్తొచ్చింది. అది ఇంకా ఘోరంగా అనిపించింది ఆమెకి. ఆయన మంచం అంచున కూర్చున్నాడు.

"నేను ఎత్తుకొచ్చానా?"

"ఎత్తుకురావడమేంటండీ. మీకు తెలియదు కదా."

"వాడిదే ఎత్తుకొచ్చానా? ఎవడిదో కాదు, వాడిదా?" ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "మా అమ్మ అని చెప్పాను కదూ చెవులోడితో. మా అమ్మ కళ్ళముందు కనిపించింది. బొగ్గులు ఊదుతూ. నిజంగా కనిపించింది."

ఆమె పక్కన కూర్చుంది.

"మిగతావో?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏమిటి?"

"మిగతా పాటలు. అవి నావేనా? నువ్వు విన్నావు కదా అన్నీ. ఏది ఎవరిదో నీకు తెలుస్తుంది. చెప్పు. నావేనా?"

"మీవే," అంది వెంటనే. "ఒక్కో పాదం మీరు వంటింట్లో నా ముందే కట్టారు. ఉల్లిపాయలు తరుగుతుంటే కళ్ళు మంటలని తిట్టుకుంటూ కట్టారు. మర్చిపోయారా?"

ఆ మాట జారాక ఆమె నాలుక కరుచుకుంది. ఆయన మాత్రం నవ్వాడు. "మర్చిపోయాను కాబట్టే కదే అడుగుతోంది."

లేచి చొక్కా తొడుక్కున్నాడు. కుడి చెయ్యి ముడతలతోనే ఉంది. ఆమె చెప్పలేదు.

"పద. తీసెయ్యమని చెబుతాను," అన్నాడు. "ఆ చోట్లో ఇంకోటి పాడాలి. ఉంటే."

ఇంజనీరు నమ్మలేదు. "అన్నా, పరాచికాలాడకు. కంపెనీవాళ్ళకి వినిపించేశాను. ఎగిరి గంతేశారు. తీసెయ్యడమేంటి?"

"అది నాది కాదు తమ్ముడూ."

"బక్కన్నదా? అయితే ఇంకా మంచిది కదా! ఆయన పేరు వేద్దాం. ఆయనకి నివాళి అందాం. జనం ఏడుస్తారన్నా."

"వాడు పాడనని మాటిచ్చిన పాట. తియ్యి."

ఇంజనీరు ఆమె వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను నిట్టూర్చి తెర వైపు తిరిగాడు. పాట నీలం రంగులో పొడుగ్గా, ఎత్తుపల్లాలతో పరుచుకుని ఉంది. ఒక్క మీట నొక్కగానే మాయమై బీటు గీత ఒక్కటే మిగిలింది.

"తీసేశా. ఇప్పుడేం పెట్టను అక్కడ? రేపు అప్పజెప్పాలి."

"బీటు వెయ్యి," అన్నాడాయన, చెప్పులు విడుస్తూ.

గాజు తలుపు మూసుకుంది. ఆయన మైకు ముందుకెళ్ళి ఎడంగా నిలబడ్డాడు. ఒక చెవి మూసి, రెండోది వదిలేశాడు. ఇంజనీరు మీట మీద వేలు పెట్టి, మధ్యకి రమ్మని చెప్పబోయి మానుకున్నాడు. బీటు మొదలైంది. నాలుగు సార్లు తిరిగింది. ఆయన పెదవులు కదల్లేదు. ఇంకో నాలుగు తిరిగాయి. ఆమె ఫ్లాస్కుని రెండు చేతులా పట్టుకుంది. మనసులో దేవుణ్ణి తలుచుకోబోయింది గానీ, ఏమని అడగాలో తెలియలేదు. కొత్త పాట ఇమ్మనాలా? ఏమీ రాకపోయినా ఆయన తట్టుకునేలా చెయ్యమనాలా?

ఆయన తల పక్కకి తిప్పాడు. మైకుకి ఆ పక్కన ఉన్న ఖాళీ వైపు. తల మెల్లగా ఊపుతూ, ఎవరి మాటనో వింటున్నట్టు ఆగి, చటుక్కున మైకు వైపు తిరిగాడు.

*ఎవరు!*

ఇంజనీరు ఉలిక్కిపడ్డాడు. శబ్దం కొలిచే సూది ఎరుపు దాకా వెళ్ళి వచ్చింది.

మళ్ళీ బీటు. మళ్ళీ ఖాళీ. ఆయన మళ్ళీ పక్కకి తిరిగి తల ఊపాడు.

*ఎవరు!*

ఆమెకి అర్థమైంది. ఆయన బక్కోడి మాటలు బక్కోడికే వదిలేశాడు. ఒక్కటి కూడా ముట్టుకోవడం లేదు. ఆ పాటలో ఆనాడు ఆ మెట్ల మీద తను అందుకున్న మాటలు ఏవో అవే తనవి. అవే పాడుతున్నాడు. ఇచ్చిన ఒట్టు చెడలేదు. ముసలామె సిగ్గు ఎవరి చెవినా పడదు. ఎంత ఆలోచించాడు! ఈ స్థితిలో కూడా ఎంత న్యాయం ఆలోచించాడు! తను అనవసరంగా భయపడింది.

*చేతులు!*

బీటు ఖాళీగా నడుస్తోంది. ఆ ఖాళీలో ఏముందో ఆ గదిలో ఆమె ఒక్కతెకే వినిపిస్తోంది. తలుపు బయటే నిన్ను నిలిపాడు...

*మూటలు!*

ఇంజనీరు రికార్డింగ్ ఆపలేదు. పాట పొడుగునా అలాగే సాగింది. అయ్యాక అతను కుర్చీలో వెనక్కి వాలి, "ఇదేంటో నాకు తెలియట్లేదు వదినా," అన్నాడు గొంతు తగ్గించి. "అయినా ఇలాగే ఉంచుతా. ఒంటి గొంతంటే ఇదే."

ఆయన బయటికొచ్చాడు. మొహం చెమటతో మెరుస్తోంది. అంత తేటగా ఆ మొహాన్ని ఆమె చూసి చాలా కాలమైంది. ఫ్లాస్కు మూతలో నీళ్ళు పోసి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, మూత వెనక్కి ఇవ్వకుండా గాజు గది వైపు చూశాడు.

"ఇదిగో," అన్నాడు ఆమెకి మాత్రమే వినిపించేలా. "వాడు మైకుకి మరీ దూరంగా నిలబడ్డాడు. ఎంత సైగ చేసినా దగ్గరికి రాడు. గొంతు పడిందో లేదో చెవులోణ్ణి కనుక్కో."

ఆమె చేతిలో ఫ్లాస్కు వేడి ఇంకా తెలుస్తోంది. పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకున్న చేతులే అవి. అబద్ధం ఆడకుండా ఉంచమని రోజూ అడిగే నోరే అది.

"కనుక్కో," అన్నాడాయన మళ్ళీ, కాస్త కంగారుగా. "పడకపోతే ఇంకోసారి పాడదాం. వాడు ఇంకా వెళ్ళలేదు."

ఇంజనీరు హెడ్‌ఫోన్ తీసి వాళ్ళ వైపు తిరిగాడు. "ఏమైంది వదినా?"

"ఏం లేదు," అంది ఆమె అతనితో. తర్వాత మొగుడి వైపు తిరిగి, ముడతలు పడ్డ కుడి చేతి చొక్కాని అరచేత్తో మోచేతి దాకా సాపు చేసింది.

"పడిందండీ," అంది. "ఇద్దరివీ పడ్డాయి. నీళ్ళు తాగండి."